బ్యాక్ ప్రొజెక్షన్ చేస్తే బొమ్మంతా మసక: లోపం కోడ్‌లోనా, లెక్కలోనా?

సిగ్నల్_స్వాతి

అందరికీ నమస్కారం. ఎం.టెక్ ప్రాజెక్టు కోసం సీటీ రీకన్‌స్ట్రక్షన్ (చుట్టూ తీసిన ఎక్స్‌రేల నుంచి లోపలి బొమ్మని లెక్కకట్టడం) ప్రోగ్రామ్ సొంతంగా రాస్తున్నాను. మా ల్యాబ్‌లో ఒక చిన్న ఎక్స్‌రే ట్యూబు, దానికెదురుగా ఫ్లాట్ డిటెక్టర్, మధ్యలో తిరిగే బల్ల ఉన్నాయి. బల్ల మీద 4 సెంటీమీటర్ల అడ్డుకొలత ఉన్న గుండ్రటి ప్లాస్టిక్ దిమ్మ పెట్టాను. దానికి రెండు రంధ్రాలు. ఒకటి ఖాళీ, రెండోదాంట్లో అల్యూమినియం కడ్డీ. డిగ్రీకొకటి చొప్పున చుట్టూ 360 ఎక్స్‌రేలు తీసి, డిటెక్టర్ నడిమి వరుస ఒక్కటే వాడుతున్నాను. ట్యూబు బాగా దూరంలో ఉంది కాబట్టి కిరణాలు దాదాపు సమాంతరమనే లెక్క.

లాగరిథమ్ తీసుకున్నాను. తర్వాత ప్రతి ప్రొజెక్షన్‌నీ (ఒక కోణంలో వచ్చిన కొలతల వరుసని) అది వచ్చిన దిశలోనే వెనక్కి పరిచి, అన్నిటినీ కూడిక చేశాను. బ్యాక్ ప్రొజెక్షన్ అంటే ఇదే. కడ్డీ కనిపిస్తోంది, కానీ చుట్టూ తెల్లటి పొగ. ఖాళీ రంధ్రం అసలు ఖాళీగా లేదు. దిమ్మ బయట, గాలి ఉన్నచోట కూడా విలువలు వస్తున్నాయి. వచ్చే వారమే రివ్యూ, చాలా టెన్షన్‌గా ఉంది. కోడ్ ఎన్నిసార్లు చూసుకున్నా లోపం దొరకట్లేదు.

లెక్కల_మాస్టారు

అమ్మా స్వాతీ, నువ్వు చెప్పినదాన్నిబట్టి కోడ్ సరిగ్గానే ఉన్నట్టుంది. కూడిక ఒక్కటే చేస్తే వచ్చేది అదే బొమ్మ. కంప్యూటర్ కాసేపు పక్కన పెట్టి కాగితం తీసుకో. నాలుగే గడులు:

9  2
4  1

ఈ అంకెలు మనకి తెలియవనుకో. తెలిసినవి మొత్తాలు మాత్రమే. అడ్డవరుసలు 11, 5. నిలువు వరుసలు 13, 3. ఐమూలగా 10 (9, 1 ఉన్న గీత), 6 (2, 4 ఉన్న గీత). ఇప్పుడు నువ్వు చేసినట్టే, ఒక్కో గడి మీదుగా వెళ్లిన మూడు మొత్తాల్నీ ఆ గడిలో కూడదాం. మొదటి గడికి 11+13+10. మిగతావీ అలాగే:

34  20
24  18

ఒకటి ఉన్నచోట 18 వచ్చింది! తొమ్మిదికీ ఒకటికీ మధ్య ఉన్న తేడా దాదాపు చెరిగిపోయింది. ఆ 18 ఎక్కడిదో చూడు. ఒక్కో గడి విలువ అందులో మూడుసార్లు పడింది, మిగతా మూడు గడులూ ఒక్కోసారి పడ్డాయి. అంటే, సొంత విలువకి రెట్టింపు, దాని మీద మొత్తం బొమ్మ కూడిక 16. మరి 16 తీసేసి సగం చెయ్యి. 34 నుంచి 18, అందులో సగం 9. 20 నుంచి 4, సగం 2. 24 నుంచి 8, సగం 4. 18 నుంచి 2, సగం 1. అసలు అంకెలు తిరిగొచ్చాయి.

నీ బొమ్మలో పొగ ఆ 16 లాంటిదే. ఇరుగుపొరుగు గడుల వాటా తీసెయ్యకుండా కూడికతోనే ఆగిపోయావు.

కోడ్_వేణు

మాస్టారూ, ఇంత చిన్న ఉదాహరణలో ఫిల్టర్ పని కనిపిస్తుందని నేను ఊహించలేదు.

స్వాతి గారూ, పెద్ద బొమ్మకి వస్తే 16 లాంటి ఒకే సంఖ్య తీసేస్తే చాలదు. ఒక చుక్కని అన్ని కోణాల నుంచీ వెనక్కి పరిస్తే గీతలన్నీ ఆ చుక్క దగ్గర కలుస్తాయి, దూరం వెళ్లేకొద్దీ విడిపోతాయి. అందుకని పొగ చుక్క దగ్గర చిక్కగా ఉండి, దూరానికి విలోమంగా పలచబడుతుంది. రెట్టింపు దూరంలో సగం. ఇదే సంగతిని ఫోరియర్ వైపు నుంచి, అంటే బొమ్మని వేర్వేరు ఫ్రీక్వెన్సీల తరంగాలుగా విడగొట్టి చూస్తే ఇంకా తేట. ఒక కోణంలో తీసిన ప్రొజెక్షన్‌కి ఫోరియర్ ట్రాన్స్‌ఫామ్ చేస్తే, మొత్తం బొమ్మ ఫోరియర్ ట్రాన్స్‌ఫామ్‌లో కేంద్రం గుండా అదే కోణంలో వెళ్లే ఒక గీత వస్తుంది. 180 కోణాలంటే అలాంటి గీతలు 180. అన్నీ కేంద్రం దగ్గర కిక్కిరిసిపోతాయి, అంచుల్లో ఎడంగా ఉంటాయి. కేంద్రం అంటే తక్కువ ఫ్రీక్వెన్సీలు, అంటే బొమ్మలో మెల్లగా మారే భాగాలు. వాటికి అక్కర్లేని బలం వచ్చింది, అంచుల్ని చూపించే ఎక్కువ ఫ్రీక్వెన్సీలకి బలం చాలలేదు. కాబట్టి వెనక్కి పరిచేముందే ప్రతి ప్రొజెక్షన్‌నీ ఫ్రీక్వెన్సీతో గుణించాలి. సున్నా దగ్గర సున్నా, పైకి వెళ్లేకొద్దీ సరళరేఖలా పెరిగే ర్యాంప్ ఫిల్టర్ అది.

కోడ్‌లో దాన్ని కన్వల్యూషన్‌గా (ప్రతి విలువకీ దాని పక్క విలువల్ని తగిన గుణకాలతో కలపడం) పెట్టుకోవడం తేలిక. నడిమి విలువ 1/4. అటూ ఇటూ సరి స్థానాల్లో సున్నాలు. బేసి స్థానాల్లో మైనస్ 1 బై (π వర్గం ఇంటూ స్థానం వర్గం). ఇది డిటెక్టర్ పిక్సెల్ వెడల్పుని 1 అనుకుంటే. వెనక్కి పరిచి కూడాక, మీవి 360 ప్రొజెక్షన్లు కాబట్టి π బై 360తో గుణించండి, సంఖ్యలు సరైన కొలతలోకొస్తాయి. ఎఫ్ఎఫ్‌టీ (ఫోరియర్ ట్రాన్స్‌ఫామ్‌ని వేగంగా కట్టే పద్ధతి) వాడేటట్టయితే ప్రొజెక్షన్ పొడవుని ముందు సున్నాలతో కనీసం రెట్టింపు చెయ్యండి. లేకపోతే ఒక చివరి విలువలు చుట్టూ తిరిగి రెండో చివర మీద పడతాయి.

ఆ మైనస్ గుర్తులే మాస్టారు తీసేసిన 16 పని చేస్తాయి.

సిగ్నల్_స్వాతి

ఇప్పుడే పెట్టి చూశాను. పొగ పోయింది! ఖాళీ రంధ్రం నల్లగా వచ్చింది. మాస్టారికీ వేణు గారికీ చాలా చాలా థాంక్స్.

కానీ కొత్త సమస్య వచ్చింది. అంచులు జంటగా కనిపిస్తున్నాయి. దిమ్మ మీద ఒక సన్నటి గుండుసూది రంధ్రం ఉంది, అది చుక్కలా కాకుండా చిన్న వలయంలా వస్తోంది.

కాస్టింగ్_బాబు

బాలానగర్‌లో అల్యూమినియం కాస్టింగుల తనిఖీ నా పని. స్కాన్ చేస్తే లోపల గాలిబుడగలు, పగుళ్లు కనిపించాలి. కాబట్టి మీరు చెప్పిన వలయం నాకు కొత్త కాదు. బల్ల తిరిగే అక్షం డిటెక్టర్ సరిగ్గా నడుమన పడట్లేదు, మీ కోడేమో నడుమనే ఉందనుకుంటోంది. 360 డిగ్రీలు తీస్తే చుక్క వలయమవుతుంది, 180 తీస్తే నెలవంకలా వస్తుంది.

సరిచేయడానికి మళ్లీ స్కాన్ చెయ్యనక్కర్లేదు. ప్రతి ప్రొజెక్షన్‌కీ గరిమనాభి కట్టండి: ఒక్కో పిక్సెల్ స్థానాన్ని అక్కడి లాగ్ విలువతో గుణించి కూడి, మొత్తం విలువతో భాగించడమే. వస్తువు మొత్తం డిటెక్టర్‌లో పట్టినంతవరకూ ఆ నాభి కోణంతోపాటు సైన్ తరంగంలా ఊగుతుంది. పూర్తి చుట్టుకి సగటు తీస్తే అక్షం ఉన్న స్థానం వచ్చేస్తుంది. అది పూర్ణాంకం కాకపోయినా అలాగే వాడండి, దగ్గరి అంకెకి సవరించొద్దు. అర పిక్సెల్ తేడా కూడా సన్నటి పగులుని చెరిపేస్తుంది.

స్కాన్‌రూమ్_రాజు

నేను సీటీ టెక్నీషియన్ని. స్వాతి గారు లాగరిథమ్ అని ఒక్క మాటలో దాటేశారు కానీ, మొత్తం లెక్క నిలబడేది దాని మీదే. మేము వాడే శక్తి దగ్గర నీరు సెంటీమీటరుకి సుమారు 0.19 చొప్పున కిరణాల్ని ఆపుతుంది. 20 సెంటీమీటర్ల నీటిని దాటి బయటికొచ్చేవి నూటికి రెండు మాత్రమే. వెళ్లినవాటికీ వచ్చినవాటికీ నిష్పత్తి తీసి లాగ్ కడితేనే అది దారి పొడవునా ఉన్న విలువల కూడిక అవుతుంది. మాస్టారు రాసిన 11, 5, 13 అన్నీ అలాంటి కూడికలే. లాగ్ లేకపోతే గుణకారాలు మిగులుతాయి, ఏ ఫిల్టరూ పనికిరాదు.

ఇంకో సంగతి. ఆ నూటికి రెండులో కూడా లావుపాటి మనిషికి మరీ తక్కువ మిగులుతాయి. అప్పుడు లాగ్ విలువ బాగా అటూ ఇటూ ఊగుతుంది. ర్యాంప్ ఫిల్టర్ ఎక్కువ ఫ్రీక్వెన్సీల్ని పెంచుతుంది కాబట్టి ఆ ఊగిసలాటనీ పెంచేస్తుంది. అందుకే మెషీన్‌లో మెత్తటి కెర్నెల్, పదునైన కెర్నెల్ అని ఫిల్టర్లు వేర్వేరుగా ఉంటాయి. మెదడు చూడాలంటే మెత్తటిది, చెవి లోపలి ఎముకలకి పదునైనది. కొలతలు అవే, ఫిల్టర్ మార్చి రెండు రకాల బొమ్మలు తీస్తాం.

కోనసీమ_పద్మ

నాకు లెక్కలు అంతగా రావు. నాన్నగారికి సీటీ రాశారని వెతుకుతుంటే ఈ చర్చ కనిపించింది. మెషీన్ లోపలికి చూడకుండానే లోపలి బొమ్మ ఎలా గీస్తుందో నాలాంటివాళ్లకి అర్థమయ్యేలా ఎవరైనా చెబుతారా?

లెక్కల_మాస్టారు

పద్మమ్మా, మీ వైపు కొబ్బరితోటే తీసుకుందాం. గట్టు మీద ఒకచోట నిలబడి చూస్తే ఒకే వరుసలో ఉన్న చెట్లు ఒకదాని వెనక ఒకటి దాక్కుంటాయి. ఆ వరుసలో పచ్చదనం ఎంత దట్టంగా ఉందో తెలుస్తుంది గానీ ఏ చెట్టు ఎక్కడుందో తెలియదు. గట్టు చుట్టూ నడిచి ప్రతిచోటా నిలబడి ఆ దట్టాన్ని రాసుకుంటూ వస్తే, తోటలోకి అడుగుపెట్టకుండానే చెట్ల పటం గీయొచ్చు. మెషీన్ నాన్నగారి చుట్టూ తిరిగి రాసుకునేవి అలాంటి లెక్కలే.

స్కాన్‌రూమ్_రాజు

పద్మ గారూ, తల స్కాన్ అయితే రేడియేషన్ మామూలుగా 2 మిల్లీసీవర్టుల చుట్టుపక్కల ఉంటుంది. ఏడాది మొత్తంలో నేల నుంచి, గాలి నుంచి, ఆకాశం నుంచి మనందరికీ సహజంగా వచ్చేది ప్రపంచ సగటున 2.4. డాక్టరు అవసరమని రాశారు కాబట్టి దిగులు పెట్టుకోకండి. స్కాన్ జరిగేటప్పుడు కదలకుండా ఉండమని మాత్రం నాన్నగారికి ముందే చెప్పండి. మధ్యలో తల కదిలితే మొదటి ప్రొజెక్షన్లు ఒక బొమ్మవి, తర్వాతివి ఇంకో బొమ్మవి అయిపోతాయి. గీతలు గీతలుగా వచ్చి మళ్లీ తియ్యాల్సి వస్తుంది.

నాదస్వరం_77

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. ఈ ఫిల్టర్ పద్ధతి మన జి.ఎన్. రామచంద్రన్ గారిది కదా? సీటీకి నోబెల్ ఇచ్చినప్పుడు ఆయన్ని వదిలేశారని చదివాను. అసలు కనిపెట్టింది ఆయనే అనొచ్చా?

లెక్కల_మాస్టారు

రామచంద్రన్ గారంటే నాకు అపారమైన గౌరవం. అందుకే ఆయన చేసిన పనిని చేసినంత మేరకే చెప్పాలంటాను.

1917లో యోహాన్ రాడాన్ అనే గణితవేత్త, గీతల వెంబడి మొత్తాలన్నీ తెలిస్తే అసలు ప్రమేయాన్ని తిరిగి రాబట్టే సూత్రం ప్రచురించాడు. అప్పటికి దాంతో బొమ్మలు తీసే పనేమీ లేదు. 1956లో కేప్‌టౌన్‌లో అలన్ కార్మాక్ అనే భౌతికశాస్త్ర లెక్చరర్ ఆసుపత్రిలో రేడియోథెరపీ పని చూస్తూ ఈ సమస్యని తనంతట తాను మొదలుపెట్టాడు. 1963, 64లలో పేపర్లు వేశాడు. రాడాన్ దీన్ని ఎప్పుడో సాధించాడని తెలియడానికి ఆయనకి 14 ఏళ్లు పట్టింది. 1967లో బ్రేస్‌వెల్, రిడిల్ అనే ఇద్దరు రేడియో ఖగోళశాస్త్రం కోసం కన్వల్యూషన్ దారి చూపించారు.

1971లో రామచంద్రన్, ఎ.వి. లక్ష్మీనారాయణన్ కలిసి రాసిన పేపర్ ఎక్స్‌రే బొమ్మలకీ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు బొమ్మలకీ ఫోరియర్ ట్రాన్స్‌ఫామ్ అక్కర్లేకుండా నేరుగా కన్వల్యూషన్‌తో ఎలా చెయ్యొచ్చో చెప్పింది. ఆనాటి కంప్యూటర్లకి అది ఎంత కలిసొచ్చిందో చెప్పలేను. వేణు రాసిన 1/4, సున్నాలు, బేసి స్థానాల మైనస్‌లు ఆ పేపర్‌లోవే. ఇవాళ్టికీ ఏ సాఫ్ట్‌వేర్ తెరిచినా ఆ ఫిల్టర్ పేరు రామ్-లాక్. 1979 నోబెల్ కార్మాక్‌కీ, మెషీన్ కట్టి చూపించిన హౌన్స్‌ఫీల్డ్‌కీ వెళ్లింది. రామచంద్రన్ గారి గొప్పదనానికి మనం ఏదీ కలిపి చెప్పక్కర్లేదు. ప్రోటీన్ల మీద పనిచేసేవాళ్లకి ఆయన ప్లాట్ (ప్రోటీన్ గొలుసు ఏ కోణాల్లో మడవగలదో చూపే పటం) లేకుండా రోజు గడవదు.

పీజీ_రేడియాలజీ

కార్మాక్ గురించి నాకు బాగా నచ్చిన విషయం ఒకటుంది. 1957లో ఆయన అల్యూమినియం దిమ్మకి చుట్టూ చెక్క బిగించి కొలిచాడు. లెక్క కట్టి గ్రాఫ్ గీస్తే, కేంద్రానికి దగ్గరగా ఉన్న మూడు చుక్కలు మాత్రం మిగతా అల్యూమినియం చుక్కలతో కలవకుండా కొంచెం వేరే వాలులో పడ్డాయి. వర్క్‌షాపులో వాకబు చేస్తే, ఆ దిమ్మ నడుమ కిరణాల్ని కాస్త తక్కువగా ఆపే ఇంకో పెగ్ ఉందని తేలింది. దిమ్మ కొయ్యకుండానే లోపలున్నది లెక్క పట్టేసింది. నోబెల్ ఉపన్యాసంలో ఆయనే చెప్పాడు.

హౌన్స్‌ఫీల్డ్ మొదటి ప్రయోగంలో గామా కిరణాలు వాడితే ఒక్క స్కాన్‌కి 9 రోజులు పట్టింది, కంప్యూటర్‌లో లెక్కకి మరో రెండున్నర గంటలు. 1971 అక్టోబర్ 1న లండన్‌లోని అట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో మొదటి రోగికి తల స్కాన్ చేశారు. బొమ్మ 80 ఇంటూ 80. అంటే తెలియనివి 6,400. 180 కోణాల్లో కోణానికి 160 కొలతల చొప్పున 28,800 సమీకరణాలు.

కోడ్_వేణు

ఆ మొదటి మెషీన్ ఫిల్టర్‌తో కాదు, విలువలు ఊహించి మళ్లీ మళ్లీ సరిచేసుకునే పద్ధతిలో లెక్క కట్టింది. మాస్టారి గడుల్లోనే చేసి చూడొచ్చు. సున్నాలతో మొదలు. అడ్డవరుసల 11ని, 5ని రెండు గడులకీ సమంగా పంచితే పైన 5.5, 5.5, కింద 2.5, 2.5. నిలువు మొత్తాలు 8, 8 వచ్చాయి. కావాల్సినవి 13, 3. ఎడమ గడులకి 2.5 చొప్పున కలిపి, కుడి గడుల్లో అంతే తీసేస్తే:

8  3
5  0

ఐమూల మొత్తాలు మళ్లీ 8, 8. కావాల్సినవి 10, 6. ఒక గీత మీద ఒక్కొక్కటి కలిపి, రెండోదాని మీద ఒక్కొక్కటి తీస్తే 9, 2, 4, 1 వచ్చేశాయి. స్టెఫాన్ కాచ్‌మార్జ్ అనే పోలిష్ గణితవేత్త 1937లోనే ఈ పద్ధతి రాశాడు. పెద్ద బొమ్మకి ఒక్క చుట్టుతో తెమలదు, చాలాసార్లు తిప్పాలి.

న్యూరల్_నవీన్

ఇప్పుడు ఇంత కష్టం ఎందుకండీ? పది, ఇరవై ప్రొజెక్షన్లు ఇస్తే డీప్ లెర్నింగ్ మోడల్ అద్దంలాంటి బొమ్మ ఇచ్చేస్తుంది. రేడియేషనూ తగ్గుతుంది. స్వాతి గారు ప్రాజెక్టు అటు మళ్లిస్తే మంచిదని నా సలహా.

లెక్కల_మాస్టారు

నవీన్ గారూ, పైన వేణు మధ్యలో ఆగిన బొమ్మ చూడండి. 8, 3, 5, 0. అడ్డం 11, 5. నిలువు 13, 3. అసలు బొమ్మకీ అవే మొత్తాలు. ఐమూల కొలత లేకపోతే ఈ రెంటిలో ఏది నిజమో ఎంత తెలివైన మోడలైనా చెప్పలేదు. ఇంతకుముందు చూసిన బొమ్మలనిబట్టి ఒకటి ఎంచుకుంటుంది, అంతే. మామూలు పద్ధతిలో కొలతలు చాలకపోతే గీతలు పడి మనకి తెలిసిపోతుంది. మోడల్ ఇచ్చిన బొమ్మ నున్నగా ఉంటుంది కాబట్టి ఎక్కడ కొలిచిందో ఎక్కడ ఊహించిందో కనిపించదు. అది నాకు భయం.

పీజీ_రేడియాలజీ

మాస్టారి మాటకి పూర్తిగా ఓటేస్తాను, కానీ నవీన్ గారి మాటలోనూ నిజముంది. నాయిస్ (రాజు గారు చెప్పిన ఊగిసలాట) తగ్గించడానికి అలాంటి మోడల్స్ కొత్త మెషీన్లలో వచ్చేశాయి, డోస్ తగ్గించడానికి పనికొస్తున్నాయి. కొలత ఉన్నచోట నాయిస్ తుడవడం ఒకటి, కొలత లేనిచోట బొమ్మ గీయడం ఇంకొకటి. రెండోదాన్ని నమ్మి రిపోర్టు రాయలేను. మూడు మిల్లీమీటర్ల నోడ్యూల్ (చిన్న గడ్డ) ఒక మనిషిలోనే ఉంటుంది, మోడల్ చూసిన వేలమందిలో లేకపోవచ్చు.

పాత పద్ధతి కూడా ఊహ మీదే నడుస్తుంది, అది మాకు నేర్పిస్తారు. కిరణాలన్నిటికీ ఒకే శక్తి ఉందని లెక్క అనుకుంటుంది. నిజానికి ట్యూబు నుంచి రకరకాల శక్తులు వస్తాయి, దట్టమైన ఎముక గుండా వెళ్లేటప్పుడు బలహీనమైనవి ముందే ఆగిపోతాయి. తల స్కాన్‌లో రెండు చెవుల వెనకున్న గట్టి ఎముకల మధ్య నల్లటి పట్టీ వచ్చేది దానివల్లే. కొత్తగా చేరినవాళ్లు దాన్ని చూసి మెదడుకి రక్తం అందలేదనుకుంటారు. స్వాతి గారి అల్యూమినియం కడ్డీ చుట్టూ కూడా అలాంటి నల్ల గీతలు రావాలే?

సిగ్నల్_స్వాతి

వస్తున్నాయి మేడమ్! కడ్డీ నుంచి ఖాళీ రంధ్రం వైపు సన్నటి నల్ల చార ఉంది. దిమ్మ నడిమి భాగం అంచులకన్నా కొంచెం నల్లగా కూడా ఉంది.

బాబు గారు చెప్పిన సగటు కట్టాను. 512 పిక్సెల్స్ డిటెక్టర్ కదా అని 256 దగ్గర అక్షం పెట్టాను, నాభి సగటు 251.4 వచ్చింది. అది పెట్టగానే గుండుసూది రంధ్రం చుక్కయిపోయింది. ఇక రెండే మిగిలాయి: ఈ నల్లదనం, బొమ్మ మధ్యలో ఒక సన్నటి పూర్తి వలయం. ఈ వలయం మొన్నటిలాంటిది కాదు, ఏ వస్తువు పెట్టినా సరిగ్గా అదే చోట వస్తోంది.

కాస్టింగ్_బాబు

నల్లదనానికి ట్యూబు మూతి దగ్గర పలచటి అల్యూమినియం లేదా రాగి రేకు అడ్డం పెట్టండి. బలహీనమైన కిరణాలు వస్తువు దాకా రాకముందే ఆగిపోతాయి. పూర్తిగా పోదు గానీ బాగా తగ్గుతుంది. ఎక్స్‌పోజర్ టైమ్ పెంచుకోవాల్సి ఉంటుంది.

ఏ వస్తువు పెట్టినా అదే చోట వలయం వస్తోందంటే డిటెక్టర్‌లో ఒక పిక్సెల్ మిగతావాటికన్నా ఎక్కువో తక్కువో చూపిస్తోంది. సైనోగ్రామ్‌ని (అన్ని కోణాల ప్రొజెక్షన్లనీ ఒకదాని కింద ఒకటి పేర్చిన పట్టికని) బొమ్మగా తెరిస్తే నిలువుగా ఒక గీత కనపడాలి, ఎందుకంటే ఏ కోణంలోనైనా అదే నిలువు వరుస తప్పు చెబుతుంది. దాన్ని వెనక్కి పరిస్తే అక్షం నుంచి ఒకే దూరంలో ఉన్న గీతలన్నీ ఒక వృత్తానికి స్పర్శరేఖలవుతాయి. మీకు కనిపిస్తున్న వలయం అదే.

ట్యూబు ఆపి కొన్ని ఖాళీ ఫ్రేములు, ట్యూబు వేసి వస్తువు లేకుండా కొన్ని ఫ్రేములు తీసి, దేనికదే సగటు చేసుకోండి. ప్రతి ఎక్స్‌రే నుంచీ మొదటి సగటుని తీసేసి, రెండు సగటుల తేడాతో భాగించి, ఆ తర్వాతే లాగ్ కట్టండి. ట్యూబు, డిటెక్టర్ వేడెక్కేకొద్దీ ఈ విలువలు మారతాయి కాబట్టి కాసేపు నడవనిచ్చి, సగటులు తీసిన వెంటనే స్కాన్ మొదలుపెట్టండి. కుదిరితే కోణాల్ని కూడా అర డిగ్రీకి మార్చండి. ఎదురెదురు కోణాల్లో కొలత దాదాపు ఒకటే కాబట్టి మీ 360లో వేర్వేరు దిశలు 180 మాత్రమే. దిమ్మ 200 పిక్సెల్స్ వెడల్పుంటే సగం చుట్టుకి 300 పైచిలుకు దిశలు కావాలి. లేకపోతే అంచుల దగ్గర గీతలు మిగిలిపోతాయి.